ఘనా ప్రీమియర్ లీగ్

ఘనా ప్రీమియర్ లీగ్ పశ్చిమ ఆఫ్రికా లోని ఘనా దేశపు అత్యున్నత శ్రేణి పురుషుల ఫుట్‌బాల్ పోటీ. ఘనా ఫుట్‌బాల్ అసోసియేషన్ దీనిని నిర్వహిస్తుంది. ఈ పోటీ దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఒక ఏడాది ముందు, 1956లో, ఆ ప్రాంతం ఇంకా గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు ప్రారంభమైంది. రాజధాని అక్రాకు చెందిన హార్ట్స్ ఆఫ్ ఓక్, కుమాసి నగరానికి చెందిన అసాంటే కొటోకో ఈ లీగులో అత్యధిక పర్యాయాలు విజేతలుగా నిలిచిన క్లబ్బులు. సుమారు యాభై ఏళ్ళ పాటు విజేత పీఠం ఎక్కువగా ఈ రెండింటి మధ్యనే చేతులు మారింది. 2009–10 తరువాత మాత్రం పరిస్థితి మారింది. అప్పటి నుండి 2024–25 వరకు పూర్తయిన 13 సాధారణ సీజన్లలో 8 పర్యాయాలు టైటిలు ఈ రెండు నగరాలకు వెలుపలి చిన్న పట్టణాల జట్లకు దక్కింది.

పోటీ స్వరూపం

లీగులో 18 జట్లు పాల్గొంటాయి. 2019–20కి ముందు పలు సీజన్లు 16 జట్లతో జరిగాయి. ప్రతి జట్టు మిగిలిన ప్రతి జట్టుతోను రెండు పర్యాయాలు, ఒకసారి తన మైదానంలోను మరొకసారి ప్రత్యర్థి మైదానంలోను, తలపడుతుంది. ఈ విధంగా ఒక్కొక్క జట్టు 34 మ్యాచ్‌లు ఆడుతుంది. గెలుపుకు 3 పాయింట్లు, సమంగా ముగిసిన మ్యాచ్‌కు 1 పాయింటు లభిస్తాయి. చివర ఫైనల్ మ్యాచ్ అంటూ ఉండదు. సీజన్ ముగిసేసరికి ఎక్కువ పాయింట్లు సాధించిన జట్టే విజేత. రెండు జట్లకు సమానమైన పాయింట్లు వచ్చినప్పుడు ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ల ఫలితాలను బట్టి స్థానాలను నిర్ణయిస్తారు. ఈ నిబంధన ఒక సందర్భంలో ఏకంగా టైటిలునే నిర్ణయించింది (చూడండి: చిన్న పట్టణాల ఉదయం).

చివరి మూడు స్థానాలలో నిలిచిన జట్లు రెండవ శ్రేణి అయిన డివిజన్ వన్ లీగుకు దిగిపోతాయి. డివిజన్ వన్ మూడు మండలాలుగా జరుగుతుంది. ఒక్కొక్క మండలపు విజేత ప్రీమియర్ లీగుకు చేరుకుంటుంది. ప్రీమియర్ లీగు విజేతకు ఆఫ్రికా ఖండపు క్లబ్బుల పోటీ అయిన సి.ఎ.ఎఫ్. ఛాంపియన్స్ లీగులోను, ఎఫ్.ఎ. కప్పు విజేతకు సి.ఎ.ఎఫ్. కాన్ఫెడరేషన్ కప్పులోను ఆడే అర్హత లభిస్తుంది.

చరిత్ర

తొలి దశ

ఘనాలో ఫుట్‌బాల్ తీర ప్రాంతపు పట్టణాలలో మొదలైంది. 1903లో కేప్ కోస్ట్ లోని ప్రభుత్వ బాలుర పాఠశాల విద్యార్థులు ఎక్సెల్సియర్ అనే జట్టుగా ఏర్పడి ఆడటంతో దేశంలో వ్యవస్థీకృత ఫుట్‌బాల్ ప్రారంభమైనట్లు చెబుతారు. 1911 నవంబరు 11న అక్రాలో హార్ట్స్ ఆఫ్ ఓక్ స్థాపితమైంది. ఇది దేశంలో నేటికీ కొనసాగుతున్న క్లబ్బులలో అతి పురాతనమైనది. అసాంటే కొటోకో 1935లో కుమాసిలో ఏర్పడింది. అసాంటే ప్రజల భాష అయిన ట్వీలో "కొటోకో" అంటే ముళ్ళపంది. ఇది అసాంటే రాజ్యపు చిహ్నం. అసాంటేల రాజు (అసాంటేహెనే) ఈ క్లబ్బుకు పోషకుడు. అందువలన ఈ జట్టు అసాంటే జాతి గౌరవంతో ముడివడి ఉంది.

1956లో జరిగిన మొదటి లీగులో హార్ట్స్ ఆఫ్ ఓక్ విజేతగా నిలిచింది. 1957 మార్చి 6న ఘనా స్వతంత్ర దేశమైంది. ఘనా ఫుట్‌బాల్ అసోసియేషన్ కూడా అదే సంవత్సరంలో ఏర్పడింది. ఆ ఏడాదే ఇంగ్లండుకు చెందిన ప్రఖ్యాత ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్ ఘనాలో పర్యటించి హార్ట్స్ ఆఫ్ ఓక్ తరఫున అతిథి ఆటగాడిగా ఆడాడు. 1958లో హార్ట్స్ ఆఫ్ ఓక్ మరల విజేత కాగా, 1959లో కొటోకో తన మొదటి టైటిలును సాధించింది. 1960లో రేవు పట్టణమైన సెకొండికి చెందిన ఎలెవెన్ వైజ్ గెలిచి, రెండు పెద్ద నగరాలకు వెలుపల టైటిలు అందుకున్న తొలి జట్టు అయింది.

రియల్ రిపబ్లికన్స్

స్వతంత్ర ఘనా తొలి నాయకుడు క్వామే ఎన్‌క్రుమా ఫుట్‌బాల్‌ను ఆఫ్రికా ఐక్యతకు, దేశ ప్రతిష్ఠకు సాధనంగా భావించాడు. ఆయన ప్రభుత్వంలో క్రీడల వ్యవహారాలను చూసిన ఒహెనే జాన్ ఆధ్వర్యంలో 1960ల ఆరంభంలో రియల్ రిపబ్లికన్స్ అనే క్లబ్బు ఏర్పడింది. జాతీయ జట్టుకు ఒక ఆదర్శ క్లబ్బును సిద్ధం చేయడం దీని లక్ష్యం. ఇందుకోసం లీగులోని ఇతర క్లబ్బులు తమ ఉత్తమ ఆటగాళ్ళను ఈ జట్టుకు అప్పగించవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి తీర్చిదిద్దిన ఆటగాళ్ళు ప్రభుత్వ నిర్ణయంతో ప్రత్యర్థి జట్టుకు వెళ్ళిపోవడం పాత క్లబ్బులకు, ముఖ్యంగా కొటోకో, హార్ట్స్ ఆఫ్ ఓక్ అభిమానులకు, రుచించలేదు.

రియల్ రిపబ్లికన్స్ 1962–63లో లీగును గెలుచుకుంది. 1962 నుండి 1965 వరకు ఎఫ్.ఎ. కప్పును వరుసగా నాలుగు పర్యాయాలు గెలిచింది. ఇదే కాలంలో ఘనా జాతీయ జట్టు 1963, 1965 సంవత్సరాలలో ఆఫ్రికా కప్పును సాధించింది. అయితే ఈ క్లబ్బు విషాదాన్నీ చవిచూసింది. 1963లో ఒక మ్యాచ్ ముగించుకొని తిరిగి వస్తుండగా జట్టు ప్రయాణిస్తున్న బస్సు ప్రమాదానికి గురైంది. కొటోకో నుండి తీసుకోబడిన గొప్ప వింగర్ బాబా యారా ఆ ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, మరల నడవలేని స్థితికి చేరుకున్నాడు. ఆయన 1969లో మరణించాడు. కుమాసి లోని ప్రధాన స్టేడియంకు ఆయన పేరే పెట్టారు. 1966 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటు ఎన్‌క్రుమా ప్రభుత్వాన్ని కూలదోసింది. దానితో పాటే రియల్ రిపబ్లికన్స్ కూడా రద్దయింది. లీగు టైటిలు గెలిచి, తరువాత పూర్తిగా కనుమరుగైన క్లబ్బుగా అది చరిత్రలో మిగిలిపోయింది.

రెండు నగరాల యుగం

1966లో కేప్ కోస్ట్‌కు చెందిన మిస్టీరియస్ డ్వార్ఫ్స్ లీగును గెలిచింది. ఆ తరువాత కొటోకో 1967, 1968, 1969లలో వరుసగా మూడు టైటిళ్ళు సాధించింది. 1970లో కొటోకో, అప్పటి కాంగో (కిన్షాసా) దేశపు టి.పి. ఇంగ్లెబర్ట్ జట్టును ఓడించి ఆఫ్రికా ఛాంపియన్ క్లబ్బుల కప్పును గెలిచింది. ఈ జట్టు నాయకుడు ఇబ్రహీం సండే 1971 సంవత్సరానికి ఆఫ్రికా ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. అదే జట్టులో గోలు కీపరుగా పేరు పొందిన రాబర్ట్ మెన్సా 1971లో టెమా పట్టణంలో ఒక తగాదాలో కత్తిపోటు వంటి గాయానికి గురై మరణించాడు. కేప్ కోస్ట్ లోని పాత స్టేడియంకు ఆయన పేరు పెట్టారు.

1970లలో పోటీ కొంత విస్తరించింది. అక్రాకే చెందిన గ్రేట్ ఒలింపిక్స్ 1970, 1974లలోను, సెకొండి హసాకాస్ 1977లోను విజేతలయ్యాయి. ఈ దశాబ్దంలో హార్ట్స్ ఆఫ్ ఓక్ 1971, 1973, 1976, 1978, 1979లలో టైటిలు గెలిచింది. మహమ్మద్ పోలో తదితర దాడి ఆటగాళ్ళతో కూడిన ఆ జట్టు 1977, 1979లలో ఆఫ్రికా కప్పు ఫైనల్ దాకా వెళ్ళినా రెండు సార్లూ ఓడిపోయింది.

1980 నుండి 1983 వరకు కొటోకో వరుసగా నాలుగు టైటిళ్ళు గెలిచింది. 1983లో కొటోకో కుమాసిలో ఈజిప్టు జట్టు అల్ అహ్లీని 1–0తో ఓడించి రెండవసారి ఆఫ్రికా ఛాంపియన్ అయింది. ఆ గోలు చేసినవాడు ఒపోకు ఎన్‌టి. 1983 ఘనాకు కఠినమైన సంవత్సరం. ఆ ఏడు కరవు, కార్చిచ్చులు, ఆహార కొరత దేశాన్ని పీడించాయి. నైజీరియా నుండి వెళ్ళగొట్టబడిన లక్షలాది ఘనా వాసులు స్వదేశానికి తిరిగి వచ్చారు. అటువంటి సంవత్సరంలో వచ్చిన ఈ విజయం నేటికీ ఆ దేశంలో జ్ఞాపకం చేసుకోబడుతుంది.

వృత్తి క్రీడగా లీగు, ఒబువాసి విజయాలు

1993లో లీగు అధికారికంగా వృత్తి క్రీడాకారుల పోటీగా మారింది. క్లబ్బులు ఆటగాళ్ళతో ఒప్పందాలు చేసుకొని జీతాలు చెల్లించవలసి రావడంతో, క్రమబద్ధమైన ఆదాయం ఉన్న జట్టుకు లాభం చేకూరింది. మొదటి మూడు సీజన్లను (1993–94, 1994–95, 1995–96) బంగారు గనుల పట్టణమైన ఒబువాసికి చెందిన గోల్డ్‌ఫీల్డ్స్ గెలుచుకోవడం దీనికి నిదర్శనం. ఈ జట్టుకు అక్కడి గనుల సంస్థ అండగా నిలిచింది. 1997లో గోల్డ్‌ఫీల్డ్స్ కొత్త రూపంలో జరిగిన మొదటి సి.ఎ.ఎఫ్. ఛాంపియన్స్ లీగు ఫైనల్ చేరి, మొరాకో జట్టు రాజా కాసాబ్లాంకా చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయింది. తరువాత అశాంటి గోల్డ్‌గా పేరు మార్చుకున్న ఈ క్లబ్బు 2014–15లో మరొక టైటిలు సాధించింది.

1996–97 నుండి 2002 వరకు హార్ట్స్ ఆఫ్ ఓక్ వరుసగా ఆరు టైటిళ్ళు గెలిచింది. 2000 సంవత్సరంలో శిక్షకుడు జోన్స్ అట్టుక్వాయెఫియో ఆధ్వర్యంలో ట్యునీషియా జట్టు ఎస్పెరాన్స్‌ను రెండు మ్యాచ్‌లలోనూ ఓడించి సి.ఎ.ఎఫ్. ఛాంపియన్స్ లీగును కైవసం చేసుకుంది. 2004 కాన్ఫెడరేషన్ కప్పు ఫైనల్లో హార్ట్స్ ఆఫ్ ఓక్, కొటోకో జట్లే తలపడ్డాయి. రెండు మ్యాచ్‌లూ 1–1తో ముగియగా, హార్ట్స్ ఆఫ్ ఓక్ పెనాల్టీలలో 8–7తో గెలిచింది.

ప్రధాన వైరం

హార్ట్స్ ఆఫ్ ఓక్, అసాంటే కొటోకోల మధ్య జరిగే మ్యాచ్‌ను ఘనాలో "సూపర్ క్లాష్" అంటారు. ఒకటి సముద్ర తీరాన ఉన్న రాజధాని జట్టు, మరొకటి అసాంటే రాజ్యపు పూర్వ రాజధాని జట్టు. రెండింటి నినాదాలు కూడా ప్రసిద్ధమైనవే. ఎముకలు కుళ్ళిపోయేదాకా ఓటమిని ఒప్పుకోరాదు అన్నది హార్ట్స్ ఆఫ్ ఓక్ నినాదపు భావం. వెయ్యి మందిని చంపితే మరో వెయ్యి మంది వస్తారు అన్నది కొటోకో నినాదపు భావం. టైటిలు పోరులో ఈ రెండు జట్లు ఏ స్థానంలో ఉన్నా, ఈ మ్యాచ్‌కు ప్రేక్షకుల ఆదరణ మిగిలిన మ్యాచ్‌లకంటె ఎక్కువగా ఉంటుంది.

2001 అక్రా స్టేడియం దుర్ఘటన

2001 మే 9, బుధవారం నాడు అక్రా స్టేడియంలో ఈ రెండు జట్ల మధ్య లీగు మ్యాచ్ జరిగింది. మొదట కొటోకో ఆధిక్యంలో ఉండగా, ఆట చివరి భాగంలో హార్ట్స్ ఆఫ్ ఓక్ ఆటగాడు ఇష్మాయిల్ అడో రెండు గోళ్ళు చేయడంతో హార్ట్స్ ఆఫ్ ఓక్ 2–1తో ముందంజ వేసింది. ఆగ్రహించిన కొందరు కొటోకో అభిమానులు ప్లాస్టిక్ కుర్చీలను విరిచి మైదానం లోకి విసిరారు. పోలీసులు కిక్కిరిసిన ప్రేక్షకుల వరుసల పైకి బాష్పవాయు గోళాలను ప్రయోగించారు. ఊపిరాడక జనం ఒక్కసారిగా బయటికి పరుగు తీశారు. అయితే కొన్ని ద్వారాలు తాళం వేసి ఉన్నాయి. మెట్ల మీద, ద్వారాల వద్ద జరిగిన తొక్కిసలాటలో 127 మంది మరణించారు. వారిలో అధికులు ఊపిరాడకనే ప్రాణాలు కోల్పోయారు. ఆఫ్రికా ఖండపు స్టేడియం దుర్ఘటనలలో అత్యధిక ప్రాణనష్టం జరిగినది ఇదే.

ప్రభుత్వం నియమించిన విచారణ సంఘానికి న్యాయవాది శామ్ ఒకుడ్జెటో అధ్యక్షత వహించాడు. పోలీసులు అవసరానికి మించి బలప్రయోగం చేశారని సంఘం తప్పుబట్టింది. తాళం వేసిన ద్వారాలు, స్టేడియంలో ప్రథమ చికిత్స ఏర్పాట్ల కొరత కూడా వెలుగులోకి వచ్చాయి. ఆరుగురు పోలీసు అధికారులపై అభియోగాలు మోపినప్పటికీ, న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. ఫలితంగా 127 మంది మరణానికి శిక్ష పడిన వారు ఒక్కరూ లేరు. స్టేడియం వెలుపల, గాయపడిన వ్యక్తిని మోసుకుపోతున్న మరొక వ్యక్తి విగ్రహాన్ని స్మారకంగా ప్రతిష్ఠించారు. "నేను నా సోదరుని రక్షకుడను" అన్న భావం గల వాక్యం దానిపై చెక్కబడి ఉంది. ప్రతి సంవత్సరం మే 9న మృతులకు నివాళి అర్పిస్తారు. నాడు కొటోకో అధ్యక్షుడుగా ఉన్న హెర్బర్ట్ మెన్సా ఈ స్మారక కార్యక్రమాలను చాలా కాలం ముందుండి నడిపించాడు.

చిన్న పట్టణాల ఉదయం

2008–09లో హార్ట్స్ ఆఫ్ ఓక్ టైటిలు గెలిచిన తరువాత లీగు స్వభావం మారింది. 2009–10లో అప్పుడే ప్రీమియర్ లీగుకు చేరుకున్న అడువానా స్టార్స్ విజేతగా నిలిచింది. ఈ జట్టు కోట్ డివార్ సరిహద్దుకు సమీపాన ఉన్న డోర్మా అహెంక్రో పట్టణానికి చెందినది. స్థానిక సాంప్రదాయిక పాలకుడు (డోర్మాహెనే) దీనికి పోషకుడు. అశాంటి గోల్డ్‌తో పాయింట్లు సమం కాగా, పరస్పర మ్యాచ్‌ల ఫలితాలతో అడువానాకు టైటిలు దక్కింది. 30 మ్యాచ్‌లలో ఈ జట్టు చేసిన గోళ్ళు కేవలం 19 మాత్రమే. రక్షణ బలంతో మాత్రమే ఒక లీగును గెలవవచ్చుననడానికి దీనిని తరచుగా ఉదాహరిస్తారు. 2017లో అడువానా రెండవ టైటిలును గెలిచింది.

2010–11లో బెరెకుమ్ చెల్సీ విజేత అయింది. ఇది అడువానా జట్టుకు పొరుగు ప్రాంతపు జట్టు. 2012 సి.ఎ.ఎఫ్. ఛాంపియన్స్ లీగులో ఈ జట్టు గ్రూపు దశకు చేరింది. ఆ పోటీలో దాని ఆటగాడు ఇమ్మానుయేల్ క్లోటీ 12 గోళ్ళతో అగ్రస్థానంలో నిలిచాడు. తరువాత కొటోకో 2011–12 నుండి 2013–14 వరకు మూడు టైటిళ్ళు గెలిచింది. 2016లో వా ఆల్ స్టార్స్ గెలుపొంది, దేశపు ఉత్తర భాగం నుండి లీగు టైటిలు సాధించిన మొదటి జట్టు అయింది. అయితే ఈ జట్టు యజమాని క్వెసి న్యాంటాచి అప్పటి ఫుట్‌బాల్ అసోసియేషన్ అధ్యక్షుడు కూడా. కొన్నేళ్ళకే ఈ క్లబ్బు చేతులు మారి, లెగాన్ సిటీస్ అనే పేరుతో అక్రాకు తరలిపోయింది. వా పట్టణానికి దాని ఛాంపియన్ జట్టు లేకుండా పోయింది.

2018 సంక్షోభం

2018 జూన్ 6న పాత్రికేయుడు అనాస్ అరెమెయా అనాస్ రూపొందించిన "నంబర్ 12" అనే పరిశోధక చిత్రం అక్రాలో ప్రదర్శితమైంది. రహస్య కెమెరాలతో చిత్రీకరించిన దృశ్యాలలో పలువురు రిఫరీలు, మ్యాచ్ అధికారులు డబ్బు, కానుకలు తీసుకుంటూ కనిపించారు. అసోసియేషన్ అధ్యక్షుడు న్యాంటాచి కూడా 65,000 అమెరికన్ డాలర్లు స్వీకరిస్తూ కనిపించాడు. ఆయన పదవికి రాజీనామా చేశాడు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా 2018 అక్టోబరులో ఆయనపై జీవితకాల నిషేధం విధించింది. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2020లో దానిని 15 ఏళ్ళకు తగ్గించింది. పదుల సంఖ్యలో రిఫరీలు కూడా నిషేధానికి గురయ్యారు.

ఘనా ప్రభుత్వం అసోసియేషన్‌ను రద్దు చేయడానికి పూనుకుంది. ఆ సీజన్ మధ్యలోనే నిలిచిపోయింది. 2018కి విజేత లేదు. ఫీఫా నియమించిన తాత్కాలిక సంఘం (అధ్యక్షుడు కోఫీ అమోవా) 2019లో ఒక ప్రత్యేక పోటీని నిర్వహించగా, ఫైనల్లో కరేలా యునైటెడ్‌ను పెనాల్టీలలో ఓడించి కొటోకో దానిని గెలిచింది. ఇది సాధారణ లీగుగా లెక్కకు రాదు. 2019 అక్టోబరులో కర్ట్ ఒక్రాకు అసోసియేషన్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. ఈ పరిణామాలకు ఒక చీకటి కోణమూ ఉంది. అనాస్ బృందంలో పనిచేసిన పాత్రికేయుడు అహ్మద్ హుస్సేన్ సువాలే 2019 జనవరి 16న అక్రాలో కాల్చి చంపబడ్డాడు.

2019 తరువాత

18 జట్లతో మొదలైన 2019–20 సీజన్ కోవిడ్ మహమ్మారి కారణంగా మార్చిలో ఆగిపోయి, చివరకు రద్దయింది. 2020–21లో శామ్యూల్ బోడు శిక్షణలో హార్ట్స్ ఆఫ్ ఓక్ 12 ఏళ్ళ విరామం తరువాత టైటిలు గెలిచి, అదే ఏడు ఎఫ్.ఎ. కప్పునూ సాధించింది. కాని ఆ వెంటనే సి.ఎ.ఎఫ్. ఛాంపియన్స్ లీగులో మొరాకో జట్టు వైదాద్ చేతిలో ఒక మ్యాచ్‌లో 1–6తో ఓడిపోయింది. దేశంలో విజేతకూ, ఖండపు అగ్రశ్రేణి జట్లకూ మధ్య అంతరం ఎంత పెరిగిందో ఈ ఫలితం చూపింది.

2020–21 సీజన్ చివరి రోజు, 2021 జూలై 17న, ఒబువాసిలో అశాంటి గోల్డ్ ఇంటర్ అలైస్ జట్టును 7–0తో ఓడించింది. ఇంటర్ అలైస్ ఆటగాడు ఒకడు ఉద్దేశపూర్వకంగా తన జట్టు గోలులోకే రెండు సార్లు బంతి కొట్టాడు. ముందే కుదిరిన పందెపు స్కోరును చెడగొట్టడానికే అలా చేశానని అతడు తరువాత చెప్పాడు. విచారణ జరిపిన అసోసియేషన్ 2022లో రెండు క్లబ్బులనూ మూడవ శ్రేణి అయిన డివిజన్ టూకు దింపివేసింది. వృత్తి లీగులో తొలి మూడు టైటిళ్ళు గెలిచిన క్లబ్బు ఆ విధంగా ప్రీమియర్ లీగుకు దూరమైంది.

2021–22లో కొటోకో విజేత అయింది. కామెరూన్ ఆటగాడు ఫ్రాంక్ ఎటూగా ఎంబెల్లా ఆ జట్టు తరఫున 21 గోళ్ళు చేశాడు. ఆ తరువాతి మూడు సీజన్లలో టైటిలు దేశపు పశ్చిమ ప్రాంతంలోని మూడు పట్టణాలకు దక్కింది. 2022–23లో బంగారు గనులున్న టార్క్వా జట్టు మెడియామా, 2023–24లో కలప పరిశ్రమకు కేంద్రమైన సమ్రెబోయి జట్టు సమర్టెక్స్, 2024–25లో మరొక గనుల పట్టణపు జట్టు బిబియాని గోల్డ్ స్టార్స్ విజేతలయ్యాయి. మూడింటికీ ఇవే తొలి టైటిళ్ళు. సమర్టెక్స్ అక్కడి కలప సంస్థ పేరు మీదనే ఏర్పడిన జట్టు. అది ప్రీమియర్ లీగులో తన రెండవ సీజన్‌లోనే ఛాంపియన్ అయింది. మెడియామా 2023–24 సి.ఎ.ఎఫ్. ఛాంపియన్స్ లీగు గ్రూపు దశకు చేరుకొంది.

2025 ఫిబ్రవరి 2న న్సోయాట్రే పట్టణంలో కొటోకో ఆడిన మ్యాచ్ సందర్భంగా జరిగిన హింసలో ఒక కొటోకో అభిమాని కత్తిపోట్లకు గురై మరణించాడు. లీగును కొంతకాలం నిలిపివేశారు. 2001 దుర్ఘటన తరువాత ఇరవై ఏళ్ళకు పైగా గడిచినా, మైదానాల భద్రత ఇంకా పరిష్కారం కాని సమస్యగానే ఉన్నదని ఈ ఘటన మరల గుర్తుచేసింది.

టైటిలు పోరులో మార్పుకు కారణాలు

1956 నుండి 2008–09 వరకు గడిచిన కాలంలో హార్ట్స్ ఆఫ్ ఓక్, కొటోకోలు కాక ఇతర జట్లు గెలిచిన టైటిళ్ళు 9 మాత్రమే. 2009–10 నుండి 2024–25 వరకు పూర్తయిన 13 సీజన్లలోనే 8 టైటిళ్ళు ఇతర జట్లకు వెళ్ళాయి. ఈ మార్పుకు ఈ క్రింది కారణాలు చెప్పుకోవచ్చును.

* ఆటగాళ్ళ వలస: ప్రతిభ కనబరచిన ఆటగాడు ఒకటి రెండు సీజన్లలోనే ఐరోపాకు గానీ, ఉత్తర ఆఫ్రికాకు గానీ, గల్ఫ్ దేశాలకు గానీ వెళ్ళిపోతాడు. పెద్ద క్లబ్బులు ఒకే జట్టును అనేక సంవత్సరాలు నిలుపుకోవడం ఇంచుమించు అసాధ్యమైంది.
* సంస్థల, పాలకుల పోషణ: గనుల, కలప సంస్థలు గానీ, సాంప్రదాయిక పాలకులు గానీ అండగా ఉన్న చిన్న జట్లకు ప్రేక్షకుల టిక్కెట్ల సొమ్ముపై ఆధారపడవలసిన అవసరం తక్కువ.
* సొంత మైదానపు బలం: చిన్న పట్టణాలకు చేరడానికి పర్యాటక జట్లు గంటల తరబడి బస్సులో ప్రయాణించాలి. పరిచయం లేని మైదానం, దగ్గరగా నిలిచి ఉండే స్థానిక ప్రేక్షకులు ఎదురవుతారు. అందువలన ఇంటి మ్యాచ్‌లను వదలకుండా గెలిచిన జట్టు టైటిలుకు దగ్గరవుతుంది.

ఇదే మార్పు ఒక వైరుధ్యాన్ని కూడా సృష్టించింది. దేశమంతటా అభిమానులు ఎక్కువగా ఉన్నది ఇప్పటికీ రెండు పాత క్లబ్బులకే. చిన్న పట్టణపు ఛాంపియన్ ఆడే మ్యాచ్‌కు ఆ పట్టణం వెలుపల ఆసక్తి తక్కువ. పైగా ఐరోపా లీగుల టెలివిజన్ ప్రసారాలు ప్రేక్షకులను స్టేడియాల నుండి దూరం చేశాయి. పోటీ విస్తృతమైనా ఆదరణ అదే స్థాయిలో పెరగలేదు. ఒక సంస్థ అండ మీద నిలిచిన జట్టు, ఆ అండ తొలగిన నాడు నిలబడగలదా అన్న ప్రశ్నకు ఒబువాసి, వా జట్ల చరిత్ర ఒక హెచ్చరిక.

ఆటగాళ్ళు

ఘనా లీగు అనేకమంది ప్రసిద్ధ ఆటగాళ్ళకు తొలి మెట్టుగా ఉపకరించింది. మూడు పర్యాయాలు ఆఫ్రికా ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన అబేదీ పెలే ఉత్తర ప్రాంతపు రియల్ తమాలే యునైటెడ్ నుండి వచ్చాడు. జర్మనీ, ఇంగ్లండు లీగులలో రాణించిన టోనీ యెబోవా ఘనాలోని ఒక్వావు యునైటెడ్ తదితర క్లబ్బులకు ఆడాడు. అక్రాకు చెందిన లిబర్టీ ప్రొఫెషనల్స్ నుండి మైఖేల్ ఎస్సియెన్, అసామోవా గ్యాన్ వంటివారు ఐరోపాకు వెళ్ళారు. గ్యాన్ తన వృత్తి జీవితపు చివరి దశలో, 2019లో, ఇండియన్ సూపర్ లీగులో నార్త్ ఈస్ట్ యునైటెడ్ జట్టుకు ఆడి భారతీయ ప్రేక్షకులకు పరిచయమయ్యాడు.

స్వదేశపు లీగులలో ఆడేవారికి మాత్రమే పరిమితమైన ఆఫ్రికా దేశాల ఛాంపియన్‌షిప్పు (చాన్) పోటీలో ఘనా 2009, 2014లలో ఫైనల్ చేరి, రెండు సార్లూ ద్వితీయ స్థానంతో సరిపెట్టుకుంది.

ప్రధాన స్టేడియాలు

* అక్రా స్పోర్ట్స్ స్టేడియం: సుమారు 40,000 మంది కూర్చునే వీలుంది. హార్ట్స్ ఆఫ్ ఓక్ ఎక్కువ కాలం ఇక్కడే ఆడింది. 2008 ఆఫ్రికా కప్పు కోసం పునర్నిర్మించారు.
* బాబా యారా స్టేడియం, కుమాసి: కొటోకో ప్రధాన మైదానం.
* ఎసిపాంగ్ స్టేడియం, సెకొండి–టకొరాడి: 2008 ఆఫ్రికా కప్పు కోసం నిర్మించారు.
* తమాలే స్టేడియం: ఉత్తర ప్రాంతంలో ప్రధానమైనది. ఇది కూడా 2008 పోటీల కోసం నిర్మితమైంది.
* కేప్ కోస్ట్ స్టేడియం: 2016లో ప్రారంభమైంది.

హార్ట్స్ ఆఫ్ ఓక్, కొటోకోలు కాక ఇతర విజేతలు

* ఎలెవెన్ వైజ్ (సెకొండి): 1960
* రియల్ రిపబ్లికన్స్ (అక్రా): 1962–63
* మిస్టీరియస్ డ్వార్ఫ్స్ (కేప్ కోస్ట్): 1966
* గ్రేట్ ఒలింపిక్స్ (అక్రా): 1970, 1974
* సెకొండి హసాకాస్: 1977
* గోల్డ్‌ఫీల్డ్స్, తరువాత అశాంటి గోల్డ్ (ఒబువాసి): 1993–94, 1994–95, 1995–96, 2014–15
* అడువానా స్టార్స్ (డోర్మా అహెంక్రో): 2009–10, 2017
* బెరెకుమ్ చెల్సీ: 2010–11
* వా ఆల్ స్టార్స్: 2016
* మెడియామా (టార్క్వా): 2022–23
* సమర్టెక్స్ (సమ్రెబోయి): 2023–24
* బిబియాని గోల్డ్ స్టార్స్: 2024–25

ఇవి కూడా చూడండి

* ఘనా
* ఘనా జాతీయ ఫుట్‌బాల్ జట్టు
* క్వామే ఎన్‌క్రుమా
* ఆఫ్రికా దేశాల కప్పు